పాత కంప్యూటరును విప్పి చూశాకే కొత్తదానికి ఆర్డరు

సంపాదకులకు,
నమస్కారం.

మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మూలనపడ్డ కంప్యూటర్ల స్థానంలో కొత్తవి కొనడానికి పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి, కొనుగోలు బాధ్యతను ముగ్గురు సభ్యుల కమిటీకి అప్పగించారు. అదే బడిలో పందొమ్మిదేళ్లు గణితం చెప్పి, అందులో పదకొండేళ్లు కంప్యూటరు గది తాళంచెవిని జేబులో పెట్టుకుని తిరిగినవాణ్ని కాబట్టి ఆ ముగ్గురిలో నన్నూ ఒకణ్ని చేశారు. ఆ పనిలో మేము చూసిన సంగతులను, మేము చేసిన పొరపాట్లతో సహా, మీ పత్రిక ద్వారా నలుగురికీ చెప్పదలచుకున్నాను. ప్రభుత్వమైనా, దాతలైనా బడులకు పదుల సంఖ్యలో, వేల సంఖ్యలో ఒకేసారి కంప్యూటర్లు కొనేటప్పుడు పాతవి ఎందుకు ఆగిపోయాయో ఎవరూ విప్పి చూడడం లేదు. చూడకుండానే కొత్తవాటికి ఆర్డరు రాస్తున్నారు. ఆ కొత్తవి కూడా సరిగ్గా అవే కారణాలతో ఐదారేళ్లు తిరక్కుండానే మూలకు చేరుతున్నాయి.

మా గదిలో స్టాక్ రిజిస్టరు ప్రకారం ఇరవై కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఒకే దఫాలో వచ్చినవే: ఆరో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 500 జీబీ హార్డ్‌డిస్కు, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటరు. ఏటా పై ఆఫీసుకు పంపే పట్టికలో పనిచేస్తున్నవి నాలుగు, పనిచేయనివి పదహారు అని రాసి పంపుతున్నారు. పూర్వ విద్యార్థులు ఆ అంకెను చూసే ఇరవై కొత్తవి కొనాలనుకున్నారు. అమెరికాలోని డల్లాస్‌లో స్థిరపడి, అందరికంటే ఎక్కువ చందా ఇచ్చిన ఒకతను, “సార్, పాతవి మొత్తం తీసిపారేయండి, గదిలోకి అడుగుపెడితే అంతా కొత్తగా కనబడాలి” అని ఫోనులో చెప్పాడు. తాను చదివిన బడి బాగుండాలన్న ఆ తపనను నేను తప్పుపట్టలేను. అయితే నల్లగొండలో కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటున్న మరో పూర్వ విద్యార్థి, చందాగా పెద్ద మొత్తం ఇవ్వలేనని మొహమాటపడుతూనే, “కొనే ముందు ఒక్క ఆదివారం నాకివ్వండి సార్, పదహారూ విప్పి చూస్తాను” అన్నాడు. మేము చేసిన పనులన్నింటిలోకి తెలివైనది అతనికి ఆ ఆదివారం ఇవ్వడమే.

అతను ఒక బ్లోయరు, పెయింటు వేసే బ్రష్షు, పిల్లలు వాడే రబ్బరు ముక్క, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. మొదటి యంత్రానికి కరెంటు ఇవ్వగానే నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చి అక్కడే నిలిచిపోయింది. ముందుకు పోవాలంటే ఎఫ్1 మీట నొక్కమని వాటి సారాంశం. ఆ కీబోర్డుకు ఎఫ్1 మీట లేదు, ఎప్పుడో ఊడిపోయింది. పక్క బల్ల మీది కీబోర్డు తెచ్చి తగిలించి నొక్కితే యంత్రం చక్కగా లేచి కూర్చుంది. యంత్రం లోపలి ప్రధాన పలక, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్లు ఒకటి ఉంటుంది, దుకాణంలో సీఆర్2032 అని అడిగితే ఇస్తారు. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. సెలవుల్లో నెలల తరబడి ప్లగ్గులు తీసి ఉంచే బడి కంప్యూటర్లలో అది మరింత తొందరగా అయిపోతుంది. అయిపోయాక, యంత్రాన్ని వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లనట్టు కనబడి ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. నెట్ రావడం లేదని మేము రెండేళ్లు ఫిర్యాదులు రాసిన యంత్రాల్లో కొన్నింటి జబ్బు ఇదేనని ఆ రోజు తెలిసి, తలుపు చాటున నిలబడి నవ్వుకోవాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆ ఫిర్యాదుల కింద సంతకం నాదే.

సాయంత్రానికి లెక్క తేలింది. పదహారింటిలో ఐదు కేవలం ఆ ముప్పై నలభై రూపాయల సెల్లు లేక ఆగినవి. నాలుగింటిలో హార్డ్‌డిస్కు పోయింది. మూడింటిలో కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. అందులో ఒకదానిలో బల్లి గుడ్లు కూడా ఉన్నాయి. ఒకదానిలో మెమరీ పట్టీ మీది బంగారు రంగు గీతలకు మకిలి పట్టి ఉంటే అతను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు, అంతే, పనిచేసింది. నిజంగా మదర్‌బోర్డే చచ్చినవి మూడు. అంటే పనిచేయనివన్న పదహారింటిలో పదమూడు బాగుచేయదగ్గవే. మానిటర్లు ఇరవైకి ఇరవై నిక్షేపంగా ఉన్నాయి.

ఎస్‌ఎంపీఎస్‌ల దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. విడిభాగాలు కొని కూర్చుకున్న అసెంబుల్డ్ కంప్యూటరయితే ఏ ఊళ్లోనయినా దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ బిగించుకోవచ్చు. కానీ పెద్ద కంపెనీల యంత్రాలు చాలావాటిలో దాని ఆకారమూ వేరు, మదర్‌బోర్డుకు కలిపే పిన్నుల అమరికా వేరు. ఆ కంపెనీదే కావాలి. నల్లగొండలో దొరక్కపోతే ఆ మరమ్మతు దుకాణం మిత్రుడూ నేనూ బస్సెక్కి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అదే అందరూ సీటీసీ అనే చోటుకు, వెళ్లాము. ఒక చిన్న దుకాణంలో విప్పదీసిన పాత యంత్రాల భాగాలను బుట్టల్లో పోసి పెట్టి ఉన్నారు. వెతగ్గా మాకు కావలసినవి మూడు దొరికాయి. టెండరు రాసేటప్పుడు ప్రాసెసరు తరం, మెమరీ, డిస్కు పరిమాణం రాస్తారు గాని, విడిభాగాలు జిల్లా కేంద్రంలో దొరికే రకంగా ఉండాలనో, వారంటీ ముగిశాక ఇన్నేళ్లు సరఫరాదారు విడిభాగాలు అమ్మాలనో రాసిన షరతును నేను చూసిన కాగితాల్లో ఎక్కడా చూడలేదు. తక్కువ ధర చెప్పినవారికే, అంటే ఎల్-1కే, ఆర్డరు పోయే పద్ధతిలో టెండరు కాగితం మీద రాయని గుణం సరుకులో ఉండదు.

ఆ పాత ఇరవై యంత్రాలు మా బడికి వచ్చిన తీరును కూడా చెప్పాలి. ఏప్రిల్ చివరలో, సెలవులు ఇచ్చే ముందు రోజు మధ్యాహ్నం లారీ వచ్చి పెట్టెలు దించింది. అందినట్టు, అన్నీ సక్రమంగా ఉన్నట్టు అప్పటి ప్రధానోపాధ్యాయుల చేత అక్కడికక్కడే సంతకం, ముద్ర తీసుకున్నారు. పెట్టెలను ఆయన గదిలో పేర్చి తాళం వేశాము. జూన్‌లో బడి తెరిచారు. బిగించే ఇంజనీరు ఆగస్టులో వచ్చాడు. మూడేళ్ల వారంటీ మాత్రం లారీ వచ్చిన రోజు నుంచే నడిచింది. ఆ తరువాత ఒక యంత్రం ఆగిపోతే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేసి, పెట్టె వెనకాల ఉన్న పొడుగాటి సీరియల్ నంబరును టార్చిలైటు వెలుగులో చదివి చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకుని ఎదురుచూస్తే, పదిహేను రోజులకు వచ్చిన మనిషి చూసి, హెడ్డాఫీసు నుంచి పార్టు రావాలని చెప్పి పోయాడు. ఆ పార్టు వారంటీ ముగిసిన నెలలో వచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే దాని స్థానంలో ఇంకొకటి ఉన్నా అదే జరిగేది. ఆలస్యానికి రోజుకింత అని జరిమానా పడే షరతు ఒప్పందంలో లేదు, ఉన్నా ఆ సంగతి బడికి ఎవరూ చెప్పలేదు. కొనుగోలు చేసినవారు హైదరాబాదులో ఉంటారు, వాడేవారు పల్లెలో ఉంటారు, ఒప్పంద పత్రం నకలు మాత్రం ఏ బడి బీరువాలోనూ ఉండదు. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం కేంద్రం 2016లో తెచ్చిన జెమ్ పోర్టల్ ద్వారా కొన్నప్పుడు సరుకు అందిన పది రోజుల్లో పరీక్షించి అంగీకార పత్రం ఇవ్వాలన్న పద్ధతి ఉంది. అది మంచి పద్ధతే. అయితే పెట్టెలు సెలవుల్లో వచ్చి, అంగీకార పత్రం పెట్టె మూత తెరవకుండానే వెళ్లిపోతే ఆ పది రోజుల వల్ల బడికి ఒరిగేదేమీ లేదు.

డబ్బు లేదని మాత్రం అనడానికి వీల్లేదు. అది ఒక చోట ఉంది, అవసరం మరో చోట ఉంది. సమగ్ర శిక్ష పథకంలో కంప్యూటరు ప్రయోగశాల ఏర్పాటుకు ఒక్కో బడికి ఒకసారి 6.40 లక్షల రూపాయల వరకు, నిర్వహణకు ఏటా 2.40 లక్షల వరకు ఐదేళ్ల పాటు ఇవ్వడానికి వీలుంది. కాగితం మీద నిర్వహణకు అంత వాటా పెట్టారంటే ఆ పథకం రాసినవారికి ఈ యంత్రాల స్వభావం తెలుసనే అనుకోవాలి. ఆ ఐదేళ్లు దాటాక మాత్రం బడి చేతిలో మిగిలేది కాంపోజిట్ గ్రాంటు ఒక్కటే. విద్యార్థుల సంఖ్య 101 నుంచి 250 దాకా ఉంటే 50 వేలు, వెయ్యి దాకా ఉంటే 75 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, మరుగుదొడ్ల శుభ్రత, పగిలిన కుళాయిలు అన్నీ అందులోంచే. ప్రధానోపాధ్యాయులు ఆ డబ్బులోంచి యూపీఎస్ బ్యాటరీ కొంటే తాగునీటి మోటారు ఆగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వేలాది ఉన్నత పాఠశాలల్లో ఐదేళ్ల ఒప్పందంతో కంప్యూటరు విద్య మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే జరిగింది. ఒప్పందం ఉన్నన్నాళ్లు బోధకులు ఉన్నారు, గది కళకళలాడింది. ఒప్పందం ముగిసి, యంత్రాలు బడి సొంతమైన రోజు నుంచే వాటి పతనం మొదలైంది. ఆ రోజుల్లో చాలా బడుల్లో ఒక సీపీయూకు నాలుగైదు మానిటర్లు తగిలించి నడిపే ఏర్పాటు ఉండేది. కొనేటప్పుడు అది చవకే. ఆ ఒక్క సీపీయూ ఆగిన రోజు నలుగురైదుగురు పిల్లల ముందు తెరలు నల్లబడేవి.

ఈసారి కొత్తవి కొనేటప్పుడు మాకు ఎదురైన మరో చిక్కు విండోస్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత భద్రతా సవరణలు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, అంటే 2017 చివరి నుంచి వచ్చిన ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మా ఆరో తరం యంత్రాలకు ఆ అర్హత లేదు. ఈ ఒక్క కారణం చూపించి, శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాలను కూడా పాతసామాన్ల కింద కట్టేసే ప్రమాదం వచ్చే రెండు మూడేళ్లలో ఉంది. కొత్తవి అమ్మేవారు ఆ మాట చెప్పకుండా ఊరుకోరు. విద్యాసంస్థలు డబ్బు కట్టి మరో మూడేళ్లు సవరణలు పొందే వీలుంది, యంత్రానికి మొదటి ఏడాది ఒక డాలరు, రెండో ఏడాది రెండు, మూడో ఏడాది నాలుగు. అయితే దానికి లైసెన్సు ఒప్పందం ఉండాలి, మా బడిలాంటివి విడిగా చేయగలిగే పని కాదు, రాష్ట్ర స్థాయిలో చేయవలసిన పని. మేము మరో దారి పట్టాము. బాగుచేసిన పదమూడు, అంతకుముందే నడుస్తున్న నాలుగు, మొత్తం పదిహేడింటిలో హార్డ్‌డిస్కులు తీసేసి వాటికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు పెట్టి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌లో ఉబుంటు రకానికి చెందిన తేలికపాటిదాన్ని ఎక్కించాము. మరమ్మతులతో కలిపి అయిన మొత్తం ఖర్చు రెండు కొత్త కంప్యూటర్ల ధర దాటలేదు. లేవడానికి నాలుగైదు నిమిషాలు తీసుకునే యంత్రం అర నిమిషంలో లేస్తున్నది. ఒక్కో పీరియడు నలభై ఐదు నిమిషాలే ఉండే బడిలో ఆ నాలుగు నిమిషాల విలువ పాఠం చెప్పినవాడికే తెలుస్తుంది.

లినక్స్ అనగానే పిల్లలకు ఉద్యోగాలు రావేమోనని కమిటీలో ఒకరు కంగారుపడ్డారు. కేరళలో 2001లో ఐటీ@స్కూల్‌గా మొదలై ఇప్పుడు కైట్ అనే పేరుతో నడుస్తున్న సంస్థ ఉబుంటును తమ పాఠ్యాంశాలకు అనుగుణంగా మార్చి, ప్రభుత్వ బడులన్నింట్లో ఏళ్ల తరబడి వాడిస్తున్నది; ఆ పిల్లలు ఉద్యోగాలకు పనికిరాకుండా పోయారని ఎవరూ అనలేదు. ఆరో తరగతి పిల్లవాడికి కావలసింది మౌసు పట్టడం, తన పేరు తెలుగులో కొట్టడం, జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేరులో త్రిభుజం గీసి శీర్షాన్ని లాగితే కోణాల మొత్తం మాత్రం మారకపోవడాన్ని కళ్లారా చూడడం. ఆ ఒక్కటి నా సర్వీసులో నల్లబల్ల మీద చూపించలేక సుద్దముక్కలు ఎన్ని అరగదీశానో నాకే తెలుసు. తొమ్మిది, పది తరగతుల కోసం మాత్రం విండోస్ 11తో వచ్చే కొత్త కంప్యూటర్లే కావాలనుకున్నాము. అందువల్ల ఇరవైకి బదులు పన్నెండు కొన్నాము, అందులో ఒకటి ఎప్పుడూ బీరువాలో ఉండే అదనపుది.

పన్నెండూ ఒకే మోడలువి తీసుకోవడం వల్ల వచ్చిన లాభం ఇంత అని చెప్పలేను. ఒక యంత్రాన్ని అన్ని హంగులతో సిద్ధం చేసి, దాని డిస్కు నకలు తీసి మిగిలిన పదకొండింటిలోకి ఒక మధ్యాహ్నంలో ఎక్కించగలిగాము. ఏదైనా చెడితే దాన్నుంచి దీనికి మార్చి చూసి తప్పు ఎక్కడుందో పసిగట్టవచ్చు. ఒకేసారి ఎక్కువ కొనడంలో అసలు లాభం ఇదే, ధరలో వచ్చే తగ్గింపు దీని తరువాతే. ఒకే మోడలులో లోపముంటే అన్నింట్లోనూ ఉంటుంది కాబట్టి ముందు ఒకటి తెప్పించి వారం రోజులు బడిలోనే, బడి కరెంటు మీదే నడిపి చూసి మిగిలినవాటికి డబ్బు కట్టాము. వేల సంఖ్యలో కొనే శాఖ కూడా నమూనా యంత్రాన్ని ఏసీ గదిలో కాక ఏదైనా మండల కేంద్రంలోని బడిలో, వీలైతే మే నెలలో, నడిపి చూడాలని నా కోరిక.

పొరపాట్ల సంగతి చెబుతానన్నాను. పాత మానిటర్లలో మూడు మిగులుతాయని కొత్తవాటిలో మూడింటికి మానిటర్లు లేకుండా సీపీయూలు మాత్రమే ఆర్డరు చేసి, డబ్బు మిగిల్చామని మురిసిపోయాము. పెట్టెలు విప్పాక చూస్తే కొత్తవాటి వెనకాల మానిటరు తగిలించడానికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు అనే కొత్తరకం సాకెట్లు ఉన్నాయి, పాత మానిటర్లకు పాతరకం వీజీఏ ఒక్కటే ఉంది. మార్పిడి వైర్లు తెప్పించే దాకా వారం రోజులు ఆ మూడు కొత్త యంత్రాలు గుడ్డిగా కూర్చున్నాయి. పైగా చందాలు పూర్తిగా అందాకే ఆర్డరు ఇద్దామని కొటేషన్లు తీసుకుని నెల రోజులు ఆగాము. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు బాగా పెరిగిపోవడంతో తక్కువ ధర చెప్పిన దుకాణదారు, ఆ ధరకు ఇవ్వలేనని చేతులెత్తేశాడు. కొటేషను మీద చెల్లుబాటు ఏడు రోజులని చిన్న అక్షరాల్లో రాసే ఉంది, మేమే చదవలేదు. పాతవాటికి మెమరీ కూడా పెంచాలన్న ఆలోచన ఆ దెబ్బతో వాయిదా పడింది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు కరెంటు విషయంలో జరగబోయి తప్పింది. నమూనా యంత్రం పెట్టిన రెండో రోజు ఏడో తరగతి అమ్మాయి సీపీయూ మీద చెయ్యి వేసి, “సార్, జిల్లుమంటోంది” అన్నది. టెస్టరు పెడితే డబ్బా మీద ఎర్రగా వెలిగింది. గోడలోని మూడు రంధ్రాల సాకెట్లలో మూడో రంధ్రానికి తీగే లేదు; ఎర్తింగు అనేది ఆ గదికి ఎప్పుడూ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టరు నుంచి కొద్దిపాటి విద్యుత్తు ఎర్తులోకి పోవాలి, దారి లేకపోతే అది లోహపు డబ్బా మీదే నిలుస్తుంది. మనుషులకు జిల్లుమనిపించే ఈ లోపం ఉన్న గదిలో పిడుగులు పడే వేళ యంత్రాలు ఎలా నిలుస్తాయి? చచ్చిన మూడు మదర్‌బోర్డులకు అదే కారణమై ఉంటుందని మా మరమ్మతు మిత్రుని అనుమానం. బడి వెనకాల గొయ్యి తవ్వించి, రాగి పలక దించి, బొగ్గు, ఉప్పు పోసి, అక్కడి నుంచి గదికి తీగ లాగించాము. ఆ గోతిలో నెలకోసారి బిందెడు నీళ్లు పోసే పని ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు పంచుకున్నారు. పాత సరఫరాలో ఒక్కో కంప్యూటరుకు ఒక్కో చిన్న యూపీఎస్ ఇచ్చారు; వాటిలోని చిన్న బ్యాటరీలు మూడేళ్లకే ఉబ్బిపోయి, ఆ తరువాత కరెంటు పోయినప్పుడల్లా యంత్రాలు టక్కున ఆగిపోయేవి. హార్డ్‌డిస్కులు పోవడానికి అదీ ఒక కారణమే. ఈసారి ఇరవై ఎనిమిది సీట్లకూ కలిపి ఒకే పెద్ద యూపీఎస్ పెట్టి, పెద్ద బ్యాటరీలు తీసుకున్నాము. నాలుగేళ్ల తరువాత వాటిని మార్చడానికి కావలసిన డబ్బును ఇప్పుడే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాము. ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ఇస్తామని 2024 సెప్టెంబరు 5న ప్రభుత్వం ప్రకటించడం వల్ల బిల్లు బెంగ తగ్గింది గాని, ఆ విద్యుత్తు సక్రమంగా యంత్రం దాకా చేరే ఏర్పాటు బడే చూసుకోవలసి వస్తున్నది.

ఆ డిపాజిట్ గురించి పూర్వ విద్యార్థులను ఒప్పించడం కంప్యూటర్లు కొనడం కంటే కష్టమైంది. దాత పేరు కంప్యూటరు మీద రాయవచ్చు, గది గుమ్మం మీద రాయవచ్చు. బ్యాటరీ మీద, గోతిలోని రాగి పలక మీద రాయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు. చివరికి డల్లాస్ శిష్యుడే, మొదట అన్నీ తీసిపారేయమన్న అతనే, బాగుచేసిన పాత యంత్రం మీద ఆరో తరగతి పిల్లలు తెలుగులో తమ పేర్లు కొడుతున్న వీడియో చూసి, తన చందాలో ఎనిమిది కంప్యూటర్లకు సరిపోయే భాగాన్ని నిర్వహణకే ఉంచమన్నాడు.

చచ్చిన మూడు యంత్రాలు, ఉబ్బిన బ్యాటరీలు ఇప్పటికీ గదిలోనే ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి యంత్రాలను రీసైకిల్ చేయవలసింది నమోదైన సంస్థలే, బ్యాటరీలకు వేరే నిబంధనలున్నాయి, స్టాక్ రిజిస్టరులోంచి తీసేయాలంటే పనికిరానివని తేల్చే కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి. పాత ఇనుప సామాన్లవాడు మాత్రం కిలో లెక్కన ఇమ్మని గేటు దగ్గర రెండుసార్లు అడిగి వెళ్లాడు.

కేంద్ర విద్యాశాఖ యుడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటరు సదుపాయం ఉన్న బడులు 2023-24లో 57.2 శాతం ఉంటే 2024-25కు 64.7 శాతానికి పెరిగాయి. పెరగడం సంతోషమే. మా బడి ఆ లెక్కలో ఎప్పుడూ కంప్యూటరు ఉన్న బడే, నాలుగు పనిచేసినప్పుడూ, ఇరవై తొమ్మిది పనిచేస్తున్న ఇప్పుడూ. కింది నుంచి పైకి పోయే పట్టికల్లో ఉన్నవి, పనిచేస్తున్నవి, పనిచేయనివి అన్న మూడు గడులే ఉండగా, ఆ మూడో గడిలోని అంకెను చూసే పై ఆఫీసువారు అన్ని కొత్తవి కావాలని ప్రతిపాదనలు రాస్తున్నారు. మూడో గడి పక్కన ‘లోపం ఏమిటి’ అని ఇంకొక్క గడి చేర్చమని, దాన్ని నింపడానికి జిల్లాకు ఇద్దరు టెక్నీషియన్లను నెల రోజుల పాటు బడులకు పంపమని, వారు రాసిన కాగితం చేతికి వచ్చాకే వచ్చే దఫా కొనుగోలుకు టెండరు పిలవమని మీ పత్రిక ద్వారా పాఠశాల విద్యాశాఖను కోరుతున్నాను. ఆ టెండరు ఒప్పందం నకలును తెలుగులో ప్రతి బడికీ పంపితే, లారీ వచ్చిన రోజున దేనికి సంతకం పెడుతున్నారో ప్రధానోపాధ్యాయులకు తెలుస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా.